‘నాకెందుకులే’ అనే మనిషిని నామినేషన్ దాకా తీసుకెళ్లడం ఎలా

శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానంలో మగవాళ్లు ఊళ్లో ఉండేది తక్కువ. హైదరాబాదు, చెన్నై, విశాఖ, ఇంకా దూరం వెళ్లినవాళ్లు గల్ఫు. పండగకో పెళ్లికో వస్తారు. రేషన్ కార్డు, అత్తగారి పింఛను, పిల్లల స్కూలు, బ్యాంకు అప్పు, కొబ్బరికాయల బేరం, జీడిపిక్కల తూకం అన్నీ ఆడవాళ్లే చూసుకుంటారు. పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే మాత్రం అదే మగవాళ్లు పలాసలో రైలు దిగుతారు. ఊరిని ఏలడానికి కావలసినవాళ్లు తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు.

నేను మిషను కుట్టుకుని బతికేదాన్ని. 2006లో వార్డు మెంబర్ని, 2013లో సర్పంచిని అయ్యాను. ఆ తర్వాత నిలబడలేదు. వేరే ఆడవాళ్లను నిలబెట్టే పని పెట్టుకున్నాను. ఇప్పటిదాకా మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిది మందిని అడిగాను. నలుగురు ససేమిరా అన్నారు. అయిదుగురు నామినేషన్ వేశారు. వాళ్లలో ఒకామె వెనక్కి తీసుకుంది, ఒకామె ఓడింది, ముగ్గురు గెలిచారు. మీ ఊళ్లో కూడా ‘ఈవిడ నిలబడితే బాగుండు’ అనిపించే మనిషి ఒకరుంటే, ఆవిడను ఎలా కదిలించాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. 2021లో గెలిచినవాళ్ల అయిదేళ్లు 2026తో ముగుస్తాయి కాబట్టి ఇది ఆ మాటలు మొదలయ్యే కాలమే.

ముందు ఒక సంగతి

2021 జనవరిలో ఒకరోజు మా ఆయన టీ బడ్డీ దగ్గర ఒకతన్ని సరదాకి, “ఈసారి నువ్వు నిలబడకూడదేటి?” అన్నారట. గ్లాసు కింద పెట్టకుండానే అతను, “డిపాజిట్ ఎంతన్నయ్యా?” అని అడిగాడు. అతనికి గ్రామసభ ఎప్పుడు పెడతారో కూడా తెలియదు. అదే వారంలో నేను మా డ్వాక్రా సంఘం లెక్కలు పన్నెండేళ్లుగా రాస్తున్న ఆమెను అడిగాను. ఇకమీదట ఆమెను రెండో లీడరు అంటాను, సంఘంలో ఆమె హోదా అదే. “ఓలమ్మో, నాకేటి తెలుసప్పా!” అంది.

ఇది మా ఊరి ఆడవాళ్ల పిరికితనం అనుకునేదాన్ని. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివిన మా మేనకోడలు ఆ ఆలోచన తప్పని చెప్పింది. అమెరికాలో జెన్నిఫర్ లాలెస్, రిచర్డ్ ఫాక్స్ అని ఇద్దరు ప్రొఫెసర్లు ఈ విషయం మీదే సర్వే చేశారట. లాయర్లు, వ్యాపారస్తులు, చదువు చెప్పేవాళ్లు, రాజకీయాల్లో తిరిగేవాళ్లు, అంటే నిలబడటానికి అన్నివిధాలా తగినవాళ్లనే ఎంచుకుని, ‘ఎప్పుడైనా పోటీ చేద్దామనుకున్నారా’ అని అడిగారు. 2001లో మగవాళ్లలో నూటికి 59 మంది అవునన్నారు, ఆడవాళ్లలో 43 మంది. పదేళ్ల తర్వాత, 2011లో మళ్లీ అడిగితే 62, 46. పదేళ్లలో ఆ పదహారు తేడా అలాగే ఉండిపోయింది. ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్నా ఆడవాళ్లు ‘నాకంత అర్హత లేదు’ అనుకోవడం ఎక్కువట. ‘నువ్వు నిలబడు’ అని వాళ్లతో అన్నవాళ్లు కూడా తక్కువేనట.

అమెరికా లాయరమ్మ కూడా మా రెండో లీడరు మాటే అంటుందని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. ఆ సర్వేలో చివరి ముక్క చూడండి. అడిగినవాళ్లు తక్కువ. ధైర్యం నూరిపోయడం మన చేతుల్లో లేకపోవచ్చు. అడగడం మన చేతుల్లోనే ఉంది.

అడగాల్సింది ఆమెను

నన్ను మొదటిసారి ఎవరూ అడగలేదు. 2006లో మా వార్డు మహిళకు వచ్చింది. ఊరి పెద్ద ఒకాయన మా ఆయన్ని దారిలో ఆపి, “మీ ఆవిడ పేరు రాయించేస్తన్నాను, ఓటరు నంబరు చెప్పు చాలు” అన్నంత సులువుగా తేల్చేశాడు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే మా ఆయన, “రేపు ఓ సంతకం పెట్టాల” అన్నారు. బ్యాంకు కాగితం అనుకున్నాను.

గెలిచాక మొదటి మీటింగుకు వెళితే నా కుర్చీలో మా ఆయన కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన్ని అడిగారు కాబట్టి ఆయన వచ్చారు, అంతే. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

అందుకే, ఎంత మంచి మనసుతోనైనా సరే, భర్తనో మామగారినో అడిగి ఖాయం చేసుకోకండి. ముందు ఆమెను అడగండి. ఇంట్లోవాళ్ల సంగతి తర్వాత వస్తుంది, దానికి వేరే మార్గం ఉంది.

ఇంకో మాట. సీటు మహిళకు రిజర్వు అయినప్పుడు మాత్రమే ఆడవాళ్ల కోసం వెతకడం ఊళ్లకు అలవాటు. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం ఆడవాళ్లకు కేటాయిస్తారు, మంచిదే. మిగతా సగం మగవాళ్లదని ఎక్కడా రాసి లేదు. వాటిలోనూ ఆడవాళ్లు నిలబడొచ్చు. రిజర్వేషన్ లేని చోట సంగతి ఎలా ఉంటుందో 2024 లోక్‌సభ చూస్తే తెలుస్తుంది. 543 మందిలో 74 మంది ఆడవాళ్లు. నిలబడినవాళ్లే పదిమందికి ఒకరు లెక్కన ఉన్నారు, గెలిచేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

ఎక్కడ అడగాలి

నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో ఒకామెను బోరింగు దగ్గర అడిగాను. చుట్టూ ఆరుగురు, అందులో ఆమె అత్తగారు. “ఆవు చేలో పడితే చూసుకోలేని మనిషి ఊరిని చూస్తాదా” అని అత్తగారు నవ్వేసింది. అందరూ నవ్వారు. ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నా దగ్గర జాకెట్టు కుట్టించుకోవడం కూడా మానేసింది. నలుగురి ముందు అడిగితే ఆమె తరఫున ఆ నలుగురూ జవాబు చెప్పేస్తారు.

రెండో లీడరును కొలతలు తీస్తున్నప్పుడు అడిగాను. నిజం చెప్పాలంటే ఇది కుట్టుపనివాళ్లకు దొరికిన వరం. మనిషి చేతులు రెండూ పక్కకు చాపి, గోడకేసి చూస్తూ కదలకుండా నిలబడుతుంది. ముఖం కనబడదు, కాబట్టి సిగ్గు ఉండదు. టేపు భుజం మీద పెట్టి, “ఈసారి నువ్వు సర్పంచికి నిలబడాలమ్మీ” అన్నాను. చేతులు దించేయబోయింది. “ఉండు, చంక కొలత అవలేదు” అన్నాను. “నాకేటి తెలుసప్పా” అన్నది అప్పుడే. నేను బదులు చెప్పకుండా కొలత రాసుకున్నాను. మీకు మిషను లేకపోతే చేలో కలుపు తీసేటప్పుడు, జీడిపిక్కలు ఒలిచేటప్పుడు, బ్యాంకులో లైన్లో ఉన్నప్పుడు అడగండి. చేతికి పని ఉండాలి, పక్కన మూడో మనిషి ఉండకూడదు.

ఒక్కసారి అడిగి వదిలేయకండి. మొదటి ‘వద్దు’ ఎవరైనా అనేదే, అది మర్యాద. ‘మీరు తినండి’ అంటే ముందు ‘అబ్బే, ఇప్పుడే తిని వచ్చాను’ అంటాం కదా. నా అనుభవంలో మూడోసారి అన్నదే అసలు జవాబు. మూడోసారీ వద్దంటే మాత్రం వదిలేయండి. నాలుగోసారి అడిగి ఒప్పించిన మనిషే తర్వాత నామినేషన్ వెనక్కి తీసుకుంది.

‘నాకేటి తెలుసు’ అంటే

ఇక్కడ పొగడ్త పనికిరాదు. ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అంటే నమ్మదు. లెక్క చూపించాలి.

రెండో వారం జాకెట్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆమె చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. “గడిచిన అయిదేళ్లలో నీ ఇంటి పని కాకుండా వేరేవాళ్ల పని ఎన్నిసార్లు చేశావో రాయి” అన్నాను. మర్నాడు మూడు లైన్లు రాసి తెచ్చింది. నేను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ గుర్తుచేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వీధికి వీధి కొబ్బరిచెట్లు పడిపోతే, నష్టపరిహారం లిస్టులో పేర్లు రాలేదని ఏడ్చినవాళ్లందరినీ వెంటేసుకుని చెట్లు లెక్కపెట్టిందెవరు? మొద్దుకు సున్నపు బొట్టు పెట్టి, ఏ చెట్టు ఎవరిదో కాగితం మీద రాసి, ఆఫీసులో ఇచ్చింది ఎవరు? ఆమే. కరెంటు లేని ఆ పన్నెండు రోజులూ మంచినీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడు రావాలో ఫోన్ చేసి చెప్పింది ఎవరు? ఆమే. బ్యాంకు లింకేజీ అప్పులో ఒక్క కిస్తీ తప్పకుండా పదిమందితో కట్టించింది ఎవరు? పేజీన్నర అయింది.

“ఇవన్నీ పన్లు కదప్పా, రాజకీయం కాదు కదా” అంది. “సర్పంచి చేసేవి ఇవే” అన్నాను. చాలాసేపు ఆ పేజీ వంక చూసింది.

పెద్దపెద్ద పేర్లు చెప్పి ఒప్పించబోకండి. మన జిల్లా ఆడవాళ్లకు కొదవ లేదు. ఎచ్చెర్ల నుంచి గెలిచిన ప్రతిభా భారతి 1999లో రాష్ట్ర అసెంబ్లీకి మొదటి మహిళా స్పీకరు అయ్యారు. టెక్కలి డాక్టరమ్మ కిల్లి కృపారాణి 2009లో, అప్పటికి నాలుగుసార్లు ఎంపీగా గెలిచిన ఎర్రన్నాయుడిని ఓడించారు. ఇవి చెబితే, “ఆవిడ డాక్టరమ్మ కదా” అన్న జవాబే వస్తుంది. పక్క ఊరి వార్డు మెంబర్ని ఒకామెను ఇంటికి పిలిచి టీ ఇచ్చాను. ఆవిడ అయిదో తరగతి చదివింది, కాలువ పని ఎలా చేయించిందో చెప్పింది. ఆ టీతోనే సగం పని అయింది.

ఓట్లంటే భయం, పని అంటే కాదు

మా మేనకోడలు చెప్పిన ఇంకో సంగతి నాకు బాగా పనికొచ్చింది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. గుంపు తరఫున ఒక పని చేయడానికి ఎవరు ముందుకొస్తారు అని అడిగితే, చీటీ తీసి ఎంచుతామన్నప్పుడు ఆడా మగా సమానంగా చెయ్యెత్తారు. ఓట్లేసి ఎంచుతామనగానే ఆడవాళ్లు తగ్గారు. ప్రచారానికి ఖర్చు ఉండదు, అందులో అబద్ధం ఆడటానికి వీల్లేదు అని రెండు షరతులూ కలిపి పెడితేనే ఆ తేడా పోయింది.

అందుకని ‘సర్పంచి పని చేయగలవా’ అని అడగకండి, చేయగలదు. ‘నీ మీద ఎవరేమంటారని భయం?’ అని అడగండి. రెండో లీడరు ఆ రోజు చెప్పినవి మూడు: మగవాళ్లతో రాత్రిళ్లు తిరుగుతాదంటారు, మా ఆయనకు ఫోన్లు చేసి లేనిపోనివి చెప్తారు, ఓడిపోతే సంఘంలో ముఖం ఎత్తుకోలేను. మూడూ నిజంగా జరిగేవే. ఏమీ అనరులే అని అబద్ధం చెప్పలేదు. రాత్రి ఏడు దాటాక ఇంటింటి ప్రచారం లేదు, ఎప్పుడు వెళ్లినా సంఘం ఆడవాళ్లు నలుగురు వెంట, డబ్బు పంచేది లేదు అని ముందే అనుకున్నాం. ఓడితే ఏం చేయాలో కూడా అనుకున్నాం: మర్నాడే సంఘం మీటింగు పెట్టి ఎప్పటిలా పొదుపు వసూలు చేయాలని.

ఇంటి సంగతి

ఆమె సరే అన్నాక, ఊళ్లో ఇంకెవరికీ తెలియకముందే భర్తకు చెప్పాలి, ఆమే చెప్పాలి. రెండో లీడరు భర్త హైదరాబాదులో సెంట్రింగు పని. వేరేవాళ్ల నోట వింటే ‘నాకు తెలీకుండానే’ అన్న కోపం ఎన్నికలయ్యేదాకా పోదు. వీడియో కాల్లో చెప్పింది. అతను కాసేపు మాట్లాడలేదు. “ఖర్చెంత?” అన్నాడు. ఆ ప్రశ్నకు అంకె చేతిలో ఉండాలి. 2021లో సర్పంచి డిపాజిట్ జనరల్ వాళ్లకు 3,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,500. వార్డుకు 1,000, 500. పదివేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచి అభ్యర్థి లక్షన్నరకు మించి ఖర్చు పెట్టకూడదు. మాకు అందులో పావు కూడా కాలేదు. ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆవును ఎవరు చూస్తారు అన్నవి కూడా పేర్లతో సహా తేల్చండి. నవ్వకండి, ఎన్నో నామినేషన్లు ఆగింది ఆ ఆవు దగ్గరే.

కాగితాలు

ఇది తేలిక, జనం అనుకునేంత కష్టం లేదు. 21 ఏళ్లు నిండాలి, ఆ పంచాయతీలో ఓటుండాలి. ప్రతిపాదించే మనిషి ఒకరు కావాలి. సర్పంచికైతే ఆ పంచాయతీ ఓటరు, వార్డుకైతే ఆ వార్డు ఓటరు. ఇంటిపన్ను బాకీ ముందే కట్టి రసీదు పెట్టుకోండి. రిజర్వుడు సీటైతే కుల ధ్రువపత్రం. ఆస్తులు, కేసుల వివరాలు రాసి సంతకం. ఓటర్ల జాబితాలో పేరు ఎలా పడిందో చూసుకోండి, చాలామంది పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఒకచోట, అత్తింటిదానితో ఇంకోచోట ఉంటుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధన 2024లో తీసేశారు. మీరు ఆ కారణంతో వదిలేసుకున్న మనిషి ఎవరైనా ఉంటే మళ్లీ వెళ్లి అడగండి.

ఫారం ఆమే నింపాలి, మీరు పక్కన కూర్చోండి. సంతకం చేతులు వణికి వంకర పోతే పోనీ.

ఉపసంహరణ గడువు దాకా

అసలు ఎన్నిక నామినేషన్ వేసినప్పటి నుంచి ఉపసంహరణ రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా జరుగుతుంది. పోలింగు దాని తర్వాతి ముచ్చట.

ఆ రోజుల్లో ఊరికి ‘ఏకగ్రీవం’ గుర్తొస్తుంది. 2021లో ఏకగ్రీవమైతే రెండు వేల లోపు జనాభా ఊరికి 5 లక్షలు, అయిదు వేల లోపు ఊరికి 10 లక్షలు ప్రోత్సాహకం అన్నారు. ఊరి మంచికోసం ఎవరో ఒకరు తప్పుకోవాలి అంటారు. తప్పుకోమనేది ఎప్పుడూ ఆమెనే. గుడి దగ్గర పిలిపిస్తారు, రాత్రి ఎనిమిదికి. అలాంటి పిలుపు వస్తే ఒంటరిగా పంపకండి. ‘పగలు మా ఇంటికి రండి, టీ పెడతాను’ అని చెప్పించండి. ఇంటికి వచ్చి అరిచేవాళ్లు తక్కువ.

నేను అడిగిన ఒకామె నామినేషన్ వెనక్కి తీసుకుందీ అక్కడే. పెద్దమనుషులు ఆమెను ఏమీ అనలేదు. చెన్నైలో ఉన్న భర్తకు ఒకే రాత్రి పదకొండు ఫోన్లు చేశారు. పన్నెండోది అతను ఆమెకు చేశాడు. తెల్లారి సంతకం పెట్టేసింది. నేను తప్పుపట్టలేదు, నా లోపం ఉంది. ఆయనతో ఈ ఫోన్ల సంగతి ముందే చెప్పించి ఉండాల్సింది.

ప్రతిపాదించే మనిషిని ఎంచేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. అభ్యర్థి రాతపూర్వకంగా అధికారం ఇస్తే ఉపసంహరణ కాగితం ఆ మనిషి కూడా ఇవ్వొచ్చు. కాబట్టి ఖాళీ కాగితం మీద ‘ఏదో ఫార్మాలిటీ’ అంటూ ఎవరు సంతకం అడిగినా పెట్టొద్దని ఆమెకు చెప్పండి. రెండో లీడరుకు వాళ్ల తోటికోడలు ప్రతిపాదించింది. ఆ రోజు ఇద్దరూ మా ఇంట్లో కూర్చుని మూడు దాటేదాకా చింతపండు పిక్కలు తీశారు.

గెలిచాక

ప్రచారం గురించి పెద్దగా చెప్పను. మైకు అక్కర్లేదు. గుమ్మం దగ్గర నిలబడి, ‘మీ వీధికి నీళ్లు ఎన్ని గంటలకు వస్తన్నాయి’ అని అడిగితే చాలు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు లేదు, ఇక్కడ నీటి మాటను మించిన మాట లేదు. బెంగాల్లో, రాజస్థాన్లో చూసినవాళ్లు, ఆడవాళ్లు పంచాయతీ పెద్దలుగా ఉన్నచోట మంచినీటి పనులు ఎక్కువ జరిగాయని లెక్కతేల్చారు. ఓట్లయ్యాక ఖర్చు లెక్క 45 రోజుల్లో ఇచ్చేయాలి, మరిచిపోతే తర్వాత పోటీకి అడ్డమవుతుంది.

గెలిచిన రోజు సాయంత్రం పూలదండల గోలలో ఒక పని మరిచిపోకండి. ఇప్పుడు పంచాయతీ డబ్బు కదలాలంటే కంప్యూటర్లో డిజిటల్ సంతకం కావాలి. చిటికెన వేలంత కీ ఒకటి ఇస్తారు. ఆ కీ ఎవరి జేబులో ఉంటే సర్పంచి వాళ్లే. భర్త, మరిది, కాంట్రాక్టరు, ఎవరో ఒకరు ‘నేను దాచి పెడతానులే’ అంటారు. రెండో లీడరు దాన్ని నల్లదారంతో తాళాల గుత్తికి కట్టి నడుముకు దోపుకుంటుంది. పాస్‌వర్డు ఎక్కడా రాయలేదు. మొదటి నెలలో మూడుసార్లు తప్పు కొట్టింది, నాలుగోసారి వచ్చింది.

మా పక్క వీధిలో ఒకామె ఉంది. స్కూల్లో పిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్లు తక్కువొస్తే ఒంటరిగా వెళ్లి అడిగిన మనిషి. పోయిన వారం ఒకసారి అడిగాను, వద్దంది. శుక్రవారం రమ్మన్నాను, కొలతలు మళ్లీ చూడాలని చెప్పాను. ఆమె కొలతలు ఎనిమిదేళ్లుగా నా పుస్తకంలో ఉన్నాయి.